దౌడ నొప్పికి పది సిట్టింగుల కరెంటు చాలదు

దవడ కండరం నొప్పితో ఫిజియోథెరపీకి పోయినవాళ్లకు మన జిల్లాల్లో ఎక్కువగా దొరికేది ఒకే రకం వైద్యం. పడుకోబెట్టి, చెంపకు రెండు ప్యాడ్లు అంటించి పావుగంట కరెంటు పెడతారు. ఆ తర్వాత జెల్ రాసి ఐదు నిమిషాలు అల్ట్రాసౌండ్. లేచి వచ్చేటప్పుడు "మెత్తటివి తినండి" అని ఒక మాట. ఇట్లా పది సిట్టింగులు. మొదటి మూడు నాలుగు రోజులు హాయిగానే ఉంటుంది. పది అయిపోయాక జొన్నరొట్టె నమిలితే నొప్పి మళ్లీ మొదటికొస్తుంది. "కరెంటు పెట్టిచ్చుకున్న, ఏం ఫాయిదా లేదు" అంటాడు రోగి. "వీళ్లు సరిగ్గ రారు" అంటారు సెంటర్ వాళ్లు.

మిషన్‌ను తిట్టి లాభం లేదు. అది చేయగలిగింది చేసింది. దాని తర్వాత జరగాల్సిన పనే జరగలేదు. వేడి, కరెంటు, చేతి మర్దన, సాగదీత, మెడ వ్యాయామం, అలవాట్ల మార్పు కలిపి చేస్తేనే దవడ కండరం నొప్పి నిలకడగా తగ్గుతుందని నా వాదన. కలపడమంటే అన్నీ ఒకేరోజు ముఖం మీద పెట్టేయడమని అనుకునేవాళ్లున్నారు. ఏది ముందు, ఏది వెనక, దేనికెంత సమయం అన్నది తేల్చుకోకపోతే ఆ కలపడం కూడా వృథానే. పాలమూరు చెలకలో వాన పడ్డాక పదును ఉన్నప్పుడే నాగలి కట్టాలి. రెండు రోజులు ఆగితే నేల మళ్లీ బిగుసుకుంటుంది. వేడి, కరెంటు కండరానికి తెచ్చేది ఆ పదును మాత్రమే. ఆ కాసేపట్లో చెయ్యి పడకుండా, దవడ సాగకుండా ఇంటికి పంపిస్తే వాన వృథా పోయినట్టే.

ఈ మాటకు ఆధారం ఉంది. 2023 డిసెంబరులో బీఎంజే వైద్య పత్రిక, మూడు నెలలు దాటిన దవడ నొప్పికి మార్గదర్శకాలు ప్రచురించింది. అందులో గట్టిగా సిఫారసు చేసినవి: థెరపిస్టు చేత్తో దవడను కదిలించడం, ట్రిగ్గర్ పాయింట్లను, అంటే కండరంలో బిగుసుకొని నొక్కితే నొచ్చే చోట్లను, చేత్తో నొక్కి సడలించడం, దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలూ సాగదీతలూ, మెడ భుజాల భంగిమ వ్యాయామాలు, నొప్పి గురించిన ఆలోచననూ అలవాట్లనూ మార్చే కౌన్సెలింగ్, ఇంటి దగ్గర చేసుకునే వ్యాయామాలు. ప్యాడ్లు అంటించి పెట్టే టెన్స్ కరెంటు, లేజర్, పళ్లకు తొడిగే స్ప్లింట్ లాంటివి వాడకపోవడమే మంచిదని షరతులతో చెప్పింది. దానర్థం అవి ప్రమాదకరమని కాదు, వాటితో మేలు జరుగుతుందని ధీమాగా చెప్పేంత ఆధారం లేదని. మన దగ్గర జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. కారణం కూడా దాచాల్సిందేం కాదు. ఒక్క థెరపిస్టు ఒకేసారి నలుగురికి మిషన్లు పెట్టగలడు. చేతి పని చేస్తే పావుగంట ఒక్కరి దగ్గరే ఉండాలి. ఫీజు మాత్రం రెండింటికీ ఒకటే.

అసలు నొప్పి కండరానిదేనా అన్నది ముందు తేల్చుకోవాలి. చెంపల మీద వేళ్లు పెట్టి పళ్లు బిగిస్తే ఉబ్బేది మాసెటర్. చెంప ఎముక నుంచి దవడ మూల దాకా ఉంటుంది. కణతల మీద ఉబ్బేది టెంపొరాలిస్, చెవి పైభాగమంతా పరుచుకొని ఉంటుంది. 2014లో వచ్చిన అంతర్జాతీయ నిర్ధారణ ప్రమాణాల ప్రకారం ఈ రెండు కండరాల మీద సుమారు ఒక కిలో ఒత్తిడితో 2 సెకన్లు నొక్కాలి. కిలో ఎంతో వేలికి తెలియాలంటే వంటింటి తూకం మిషన్ మీద చూపుడువేలు, నడిమివేలు పెట్టి 1 కిలో చూపించేదాకా నొక్కి చూడాలి. చాలామంది ఊహించిన దానికన్నా అది ఎక్కువే ఉంటుంది. నొక్కినప్పుడు "నొస్తుందా?" అని అడిగి ఊరుకోవద్దు. "రోజూ వచ్చే నొప్పి ఇదేనా?" అని అడగాలి. అంత గట్టిగా నొక్కితే ఎవరికైనా కొంత నొస్తుంది. అదే చోట 5 సెకన్లు నొక్కి ఉంచితే కొందరికి నొప్పి వేరేచోట తేలుతుంది. మాసెటర్ నొప్పి పై దవడ, కింది దవడ పళ్లలోకి పాకుతుంది. టెంపొరాలిస్ నొప్పి పైపళ్లలోకి, తలనొప్పిలోకి పోతుంది. మంచి పన్నుకు రూట్ కెనాల్ చేయించుకొని, పక్క పన్నుకూ చేయించుకొని, ఆ పైన పీకించుకున్నా నొప్పి పోని వాళ్ల కథ ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. చల్లనీళ్లకు జివ్వుమనని, తట్టితే నొప్పి రాని పన్ను మీద చెయ్యి వేయించుకునే ముందు ఈ కండరాన్ని నొక్కించుకోవాలి.

తర్వాత నోరు తెరుచుకునే కొలత. పిల్లల ప్లాస్టిక్ స్కేలు చాలు. పైన ముందుపన్ను అంచు నుంచి కింద ముందుపన్ను అంచు దాకా మిల్లీమీటర్లలో కొలవాలి. నొప్పి లేకుండా ఎంత, నొప్పి వచ్చినా బలవంతంగా ఎంత అని రెండు సంఖ్యలు రాసుకోవాలి. పెద్దవాళ్లకు 40 దాటాలి. కండరం పట్టేసినప్పుడు థెరపిస్టు వేళ్లతో మెల్లగా సాయం చేస్తే ఇంకో నాలుగైదు మిల్లీమీటర్లు నొప్పితోనే సాగుతుంది. సాయం చేసినా గోడకు తగిలినట్టు ఆగిపోయి, నోరు ఒక పక్కకు వంకర తిరుగుతుంటే కీలు లోపల ఎముకల మధ్య ఉండే మెత్త, డిస్క్, అడ్డం పడి ఉండొచ్చు. దాని వైద్యం వేరు. నొప్పి లేకుండా కీలు టక్‌మని చప్పుడు చేయడం ఒక్కటే అయితే వైద్యం అక్కర్లేదు.

గుట్కా, వక్కపొడి నమిలేవాళ్ల విషయంలో ఇక్కడే ఆగాలి. నిషేధం ఉన్నా పాన్‌డబ్బాలో అడిగితే దొరుకుతూనే ఉంది. నోరు రెండు వేళ్లంతే తెరుచుకుంటుంది, కారం తగిలితే మంట, చెంప లోపల తెల్లబారి వేలికి తాడులాంటి పట్టీలు తగులుతాయి, చెంప మీద నొక్కితే మాత్రం పెద్ద నొప్పి ఉండదు. అది వక్క వల్ల నోటి పొర గట్టిపడే జబ్బు, క్యాన్సర్‌గా మారే అవకాశమున్నది. దాన్ని కండరం పట్టిందనుకొని నెలల తరబడి కాపడాలు పెట్టడం నేరంతో సమానం. నోరు తెరిచే వ్యాయామాలు అందులోనూ ఉంటాయి కానీ ముందు వక్క మానాలి, డెంటల్ కాలేజీలో నోరు చూపించుకోవాలి. మహబూబ్‌నగర్‌లో ఒకటి, నార్కట్‌పల్లిలో ఒకటి ఉన్నాయి.

ఇంకొన్ని నొప్పులకు ఫిజియోథెరపీ టేబులే తప్పు చోటు. మెట్లెక్కినా నడిచినా వచ్చి కూర్చుంటే తగ్గే దవడ నొప్పి గుండెది కావచ్చు. యాభై దాటినవాళ్లకు కొత్తగా కణత నొప్పి, నమిలేకొద్దీ దవడ అలసిపోవడం, చూపు మసకబారడం ఉంటే అదేరోజు పెద్దాసుపత్రికి పోవాలి, కణత రక్తనాళం వాపులో చూపు పోతుంది. ఇనుము గీరుకున్న కొద్దిరోజులకు దవడ బిగుసుకుంటే ధనుర్వాతం అనుమానించాలి. జ్వరంతో చెంప వాపు, తగ్గని పుండు, గడ్డ, పెదవి తిమ్మిరి, ముఖం కడుక్కుంటే షాక్ కొట్టినట్టు నొప్పి, వీటిలో ఏదున్నా ముందు డాక్టర్ దగ్గరికే.

ఇవేవీ కావని తేలాక, మొదటి వారం వైద్యం ఎక్కువగా అలవాట్ల మీదే నడవాలి. ఇది మిషన్ లేని భాగం కాబట్టి ఎవరూ డబ్బు తీసుకోరు, ఎవరూ చెప్పరు కూడా. పైపళ్లు కిందిపళ్లు ఒకదానికొకటి తగిలే సమయం రోజంతా కలిపితే 20 నిమిషాలకు అటూఇటూ ఉండాలి. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప అవి తగలొద్దు. దవడ నొప్పి ఉన్నవాళ్లు తెలియకుండానే గంటల తరబడి పళ్లు ఆనించి ఉంచుతారు. గట్టిగా కొరకక్కర్లేదు, ఉత్తగా ఆనినా కండరం పనిలోనే ఉంటుంది. సరైన స్థితి ఇది: పెదవులు మూసి, పళ్ల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు, నాలుక కొన పైపళ్ల వెనక అంగిలికి ఆనించి, శ్వాస ముక్కుతో. "గుర్తుపెట్టుకో" అంటే ఎవరికీ గుర్తుండదు. బొట్టుబిళ్లలు కొని ఫోను వెనక ఒకటి, అద్దం మీద ఒకటి, బండి హ్యాండిల్ మీద ఒకటి, మోటర్ స్టార్టర్ డబ్బా మీద ఒకటి అంటించాలి. కంటబడ్డప్పుడల్లా పళ్లు విడదీసి, ఒక శ్వాస మెల్లగా వదిలి, భుజాలు దించాలి. రెండు వారాలకు కళ్లు బొట్టుబిళ్లలకు అలవాటు పడి చూడడం మానేస్తాయి. అప్పుడు చోటు మార్చాలి.

తిండిలో జాగ్రత్త రెండు మూడు వారాలే. ఎండు జొన్నరొట్టె, కాల్చిన కంకి, చెరుకుగడ, సకినాలు, పొట్టు వలవని పల్లికాయ పళ్లతో పగలగొట్టడం, ఇవి ఆపాలి. రొట్టె లేకుండా ముద్ద దిగనివాళ్లు పప్పులోనో పాలలోనో నానబెట్టి తినొచ్చు. గట్క, జావ, పప్పన్నం, పెరుగన్నం ఎట్లాగూ ఉన్నాయి. వేపపుల్ల నమలడం కొన్నాళ్లు మానాలి. నెల దాటినా మెత్తటివే తింటూ పోతే కండరం బలహీనమై తర్వాత కొంచెం గట్టిది తగిలినా నొప్పి లేస్తుంది. అందుకే మూడో వారం నుంచి ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టాలి. కండరానికి బలమని బబుల్‌గమ్ నమలమనే సలహా ఊళ్లో తప్పకుండా ఎవరో ఒకరిస్తారు. అలసిపోయి నొస్తున్న కండరానికి ఇంకా పని చెప్పడం తప్ప దాంట్లో ఏమీ లేదు.

నారాయణపేట, గద్వాల, పోచంపల్లి, పుట్టపాక మగ్గాల దగ్గర, టైలరింగ్ మిషన్ల దగ్గర ఇంకో అలవాటు ఉంది. దారాన్ని ముందుపళ్లతో కొరికి తెంపడం. దవడను ముందుకు తోసి అంచుల మీద కొరికేటప్పుడు కండరాల మీద పడే భారం నమలడంలో పడేదాని లాంటిది కాదు. మెడకు దారం కట్టి చిన్న కత్తెర వేలాడదీసుకుంటే ఖర్చు ముప్పై నలభై రూపాయలు.

ఇక సిట్టింగ్. అన్ని భాగాలూ మొదలయ్యాక నలభై నిమిషాలు అనుకుంటే వేడికీ కరెంటుకూ కలిపి పదిహేను, చేతికి పది, దవడ వ్యాయామానికి పది, మెడకు ఐదు. వేడి ముందు. టవల్‌ను వేడినీళ్లలో ముంచి గట్టిగా పిండి, మీద ప్లాస్టిక్ కవర్ కప్పి, రెండు చెంపలకూ కణతలకూ తగిలేట్టు పెట్టాలి. ముంజేతి లోపలివైపు పెట్టుకుంటే వెచ్చగా, హాయిగా ఉండాలి, చురుక్కుమనొద్దు. నాలుగైదు నిమిషాలకొకసారి మళ్లీ ముంచి పిండాలి. లేకపోతే చల్లారిన గుడ్డ చెంపకు పెట్టుకొని కూర్చున్నట్టే. ఉప్పుమూట పెట్టేవాళ్లు మూట లోపలి వేడి బయటికి తెలియదని గుర్తుంచుకోవాలి, చెంప చర్మం పలుచన, బొబ్బ లేస్తుంది. బాము రాసిన చోట కాపడం అసలు వద్దు. నల్లగొండ ఎండాకాలంలో వేడి టవల్ మాటెత్తితే ఎవరికైనా చిరాకే. అప్పుడు ఐస్ గడ్డను పలుచటి కర్చీఫ్‌లో చుట్టి 5 నుంచి 7 నిమిషాలు పెట్టినా పని అవుతుంది. కొత్తగా, రెండు మూడు రోజుల కింద లేచిన నొప్పికి ఐసే నయం.

కరెంటు పెట్టాలనుకుంటే టెన్స్. 80 నుంచి 100 హెర్ట్జ్, పల్స్ వెడల్పు 100 మైక్రోసెకన్ల లోపు. ఒక ప్యాడ్ మాసెటర్ కండ మీద, ఇంకోటి కణత మీద వెంట్రుకలు మొదలయ్యే ముందు. జిలజిల గట్టిగానే తెలియాలి, దవడ అదరొద్దు. తప్పులు ఎక్కువగా ప్యాడ్ల దగ్గరే జరుగుతాయి. నడుముకు వాడే పెద్ద ప్యాడ్లు చెంప మీద సరిగ్గా కూర్చోవు, ఒక అంచు లేచి, అంటుకున్న కాస్త చోటే కరెంటంతా దిగి చుర్రుమంటుంది. గడ్డం వెంట్రుకల మీద పెట్టినా అంతే. మూడు సెంటీమీటర్ల గుండ్రటి ప్యాడ్లు కావాలి, గడ్డం ఉంటే అక్కడివరకు గీయాలి. మెడ ముందు, నాడి కొట్టుకునే చోట ఎప్పుడూ పెట్టొద్దు. పేస్‌మేకర్ ఉంటే కరెంటు మాటే వద్దు. మూర్ఛ ఉన్నవాళ్లకూ గర్భిణులకూ డాక్టర్‌ను అడగకుండా పెట్టొద్దు.

అల్ట్రాసౌండ్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పెట్టేవాళ్లు కనీసం సరిగ్గా పెట్టాలి. చెంప కండరం చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి 3 మెగాహెర్ట్జ్ కావాలి, నడుముకు వాడే 1 మెగాహెర్ట్జ్ లోతుకు పోయి ఎముక దగ్గర వేడెక్కుతుంది. చదరపు సెంటీమీటరుకు 1 వాట్ దాటొద్దు, చెంపకు ఆనించే మిషన్ తల కదులుతూనే ఉండాలి. పెద్ద తల చెంప ఎముక మీద ఒరిగి గాలి సందు వస్తే లోపలికి ఏమీ పోదు. మిషన్ మీద అంకెలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. లేజర్ పెడితే రోగికీ థెరపిస్టుకూ ఇద్దరికీ కళ్లద్దాలు ఉండాల్సిందే. సూదులతో చేసే డ్రై నీడ్లింగ్ ముఖం మీద నేర్చుకున్న చెయ్యి మాత్రమే చేయాలి, ముఖపు నరం, లాలాజల నాళం అక్కడే ఉన్నాయి.

మిషన్ తీసిన వెంటనే చెయ్యి పడాలి. ఫోన్ మాట్లాడొచ్చాక చేస్తామంటే పదును పోతుంది. మొదట బయటి నుంచి. మూడు వేళ్లు చెంప ఎముక కింద పెట్టి, కొబ్బరినూనె ఒకటి రెండు చుక్కలతో, దవడ మూల దాకా మెల్లగా పైనుంచి కిందికి దించాలి. ఒక్కో దింపుకు నాలుగైదు సెకన్లు, పదిసార్లు. కణత మీద కనుబొమ చివర దగ్గర మొదలుపెట్టి చెవి పైదాకా ముందు, నడుమ, వెనక మూడు చోట్ల చిన్న సున్నాలు చుట్టాలి. రోగి నోరు కొంచెం వదులుగా తెరిచి ఉంచాలి, పళ్లు ఆనించి ఉంటే ఎంత రుద్దినా కండరం సడలదు.

ఆ తర్వాత నోటి లోపలి నుంచి. దీనికే ఎక్కువమంది వెనకాడతారు. అసలు ఫలితం కూడా దీని దగ్గరే ఉంది, ఎందుకంటే మాసెటర్ మందంగా ఉంటుంది, బయటి నుంచి నొక్కితే కిందున్న ఎముకకు అదమడమే అవుతుంది, లోతు పోగులు చేతికి చిక్కవు. గోళ్లు కత్తిరించి, గ్లవ్ వేసుకొని, ఎడమ చెంపకైతే కుడిచేతి బొటనవేలు చెంపకూ పళ్లకూ మధ్య పోనివ్వాలి. ఒక్కసారి పళ్లు బిగించమంటే వేలికి గట్టిగా తగిలే అంచే మాసెటర్. గుర్తు దొరికాక మళ్లీ వదిలేయమనాలి. లోపల బొటనవేలు, బయట చూపుడువేలు, రెంటి మధ్య కండరాన్ని పట్టుకొని, చేతికి తగిలే బిగువు చోటును వెతకాలి. అక్కడ నొప్పి పదికి ఐదారు దాటకుండా నొక్కి ఉంచాలి, 30 నుంచి 60 సెకన్లు. సరైన చోటైతే ఆ లోపే నొప్పి పదికి రెండు మూడుకు దిగుతుంది, వేలి కింద కండరం మెత్తబడినట్టు తెలుస్తుంది. నొక్కేకొద్దీ పెరుగుతుంటే బలం ఎక్కువైనట్టు, సగానికి తగ్గించాలి. చెంప ఎముక కింద, నడుమ, దవడ మూల పైన, ఇట్లా మూడు చోట్ల, ఒక్కోచోట మూడుసార్లు. ఇంటి దగ్గర రోగి తనకు తనే రోజుకోసారి ఇదే చేసుకోవచ్చు.

ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి. పై చివరి పన్ను వెనక వేలు దూర్చి లోపలి కండరాన్ని పట్టుకుంటామనే వాళ్లున్నారు. అక్కడ నొక్కితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ నొస్తుంది, వేలు నిజంగా ఆ కండరాన్ని అందుకుంటుందన్న నమ్మకమూ లేదు. దవడ మూల కింద మెడలో నాడి కొట్టుకునే చోట నొక్కితే కళ్లు తిరగొచ్చు. రక్తం పలుచబడే గోలీలు వేసుకునేవాళ్లకు చెంప కమిలిపోతుంది, తేలికగా చేయాలి. నోట్లో పుండుంటే లోపలి పని వద్దు. మర్నాడు కొంచెం సలుపు ఉండడం మామూలే. రెండో రోజు దాటినా తగ్గకపోతే వచ్చేసారి సమయం, బలం రెండూ సగం చేయాలి.

చెయ్యి తీశాక సాగదీత. ముందు గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి, తెరవబోయే నోటికి కొంచెం అడ్డం పెట్టాలి. ఉన్న బలంలో ఐదో వంతు చాలు, 6 సెకన్లు. నోరు తెరిచే కండరాలు పని చేస్తుంటే మూసే కండరాలు సడలుతాయి. తర్వాత శ్వాస వదులుతూ తెరవాలి. ఐదుసార్లు. ఆ పైన బొటనవేలు పైపళ్ల అంచుకు, చూపుడువేలు కిందిపళ్ల అంచుకు అడ్డంగా పెట్టి, గుంజుడు తెలిసేదాకా తెరిచి 30 సెకన్లు అట్లాగే ఉంచాలి. మూడుసార్లు. కుదుపులు, ఊపులు వద్దు. ఊపితే కండరం తనను కాపాడుకోవడానికి ఇంకా బిగుస్తుంది. చివరగా నాలుక కొన అంగిలికి ఆనించి, అది ఊడకుండా ఎంత తెరవగలిగితే అంతే తెరిచి మూయాలి. ఇది బలం కోసం కాదు, దవడ ముందుకు జారకుండా తిన్నగా కదలడం నేర్చుకోవడానికి. అద్దం ముందు, ముక్కు నుంచి గడ్డం దాకా కాటుకతో గీత గీసుకొని చేస్తే వంకర కంటికి కనిపిస్తుంది.

చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మరియానో రోకబాదో పేరుతో ప్రచారంలో ఉన్న పద్ధతిలో ఆరు వ్యాయామాలు, ఒక్కోటి ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు. ఆ ఆరారుల్లో వ్యాయామాల కన్నా విడతలే ముఖ్యమని నేననుకుంటాను. రోజంతా పంచుకొని ఒక్కో నిమిషం చేయడం వేరు, పొద్దున ఒక్కసారే ఒక్కోటి ముప్పై ఆరుసార్లు చేసి చేతులు దులుపుకోవడం వేరు. రెండోది నొస్తున్న కండరాన్ని ఇంకా అలసిపోయేట్టు చేస్తుంది.

మెడను వదిలేస్తే సగం పనే. భుజం మీది ట్రెపీజియస్ కండరం నొప్పి దవడ మూలకూ కణతకూ పాకుతుంది. తల ముందుకు వేలాడేసి ఫోన్ చూసినా, మగ్గం మీద వంగినా దవడ విశ్రాంతి స్థితే మారిపోతుంది. గోడకు ఆనుకొని గడ్డం లోపలికి లాగి 5 సెకన్లు, పదిసార్లు. భుజం రెక్కలు వెనక్కి దగ్గరకు లాగి 5 సెకన్లు, పదిసార్లు. రోజుకు రెండు మూడు విడతలు.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ల మెడ విషయంలో మాత్రం చెయ్యి ఆపుకోవాలి. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా, దశాబ్దాల పాటు బోరునీళ్లు తాగిన ఒంట్లో ఫ్లోరైడ్ ఎముకల్లో కూర్చుంది. వెన్ను పక్కన స్నాయువులు ఎముకలా గట్టిపడతాయి, వెన్నుపాము పోయే దారి ఇరుకవుతుంది. ఆ మెడను టక్‌మని తిప్పినా, బరువు కట్టి లాగే ట్రాక్షన్ పెట్టినా కాళ్లూచేతులూ పడిపోయే ప్రమాదం ఉంది. తల తిప్పమంటే ఒళ్లంతా తిప్పేవాళ్లకు ముందు ఎక్స్‌రే తీయించాలి. వాళ్లకు మెడ వ్యాయామం బదులు భుజం రెక్కల వ్యాయామం, కడుపు ఉబ్బేట్టు తీసే శ్వాస చాలు. దవడ వరకు పైన చెప్పినవన్నీ చేయొచ్చు.

ఎన్ని సిట్టింగులు? వరుసగా పది రోజుల ప్యాకేజీకి కండరం వైపు నుంచి కారణమేమీ లేదు. మొదటి రెండు వారాలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత నాలుగు వారాలు వారానికోసారి, అంటే ఆరు వారాల్లో ఎనిమిది. మధ్యలో ఇంటి పని. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో వచ్చే ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఉచితమే అయినా ఆ రోజు కూలీ ఎవరూ ఇవ్వరు. మిషన్ పెడితేనే వైద్యం జరిగినట్టు రోగులు నమ్ముతారు, అది లేకపోతే రెండోసారి రారని సెంటర్ వాళ్లు అంటారు. అది నిజమే. అందుకే మిషన్ తీసేయమనడం లేదు, దాన్ని పదిహేను నిమిషాలకు కుదించి మిగతా సమయం చేతికివ్వమంటున్నాను. డబ్బు కట్టే ముందు "చెయ్యి ఎంతసేపు పెడతారు, ఇంటి దగ్గర ఏం చేయాలో రాసిస్తారా" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

అన్నీ ఒకేరోజు మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. మొదటి వారం అలవాట్లు, వేడి. రెండో వారం చేతి పని, సాగదీత. మూడో వారం నుంచి మెడ. వారానికోసారి ఒకే సమయానికి మూడు సంగతులు కాగితం మీద రాయాలి: నొప్పి పదికి ఎంత, నొప్పి లేకుండా నోరు ఎన్ని మిల్లీమీటర్లు, ఏం నమలగలిగారు. నోటి కొలతలో నాలుగైదు మిల్లీమీటర్లు స్కేలు పట్టిన చేతిని బట్టే మారొచ్చు, దాన్ని చూసి సంబరపడొద్దు. నొప్పి మూడో వంతు తగ్గితే దారి సరైనదే.

నిద్రలో పళ్లు కొరికేవాళ్లకు ఇదంతా పగటి నొప్పినే తగ్గిస్తుంది. రాత్రి కొరుకుడును ఏ మర్దనా ఆపలేదు. డెంటిస్టు చేసిచ్చే గట్టి స్ప్లింట్ పళ్లు అరగకుండా కాపాడుతుంది, అందుకోసం వేసుకోవచ్చు, కండరం నొప్పికి అదే మందనుకోవద్దు. నొప్పి తగ్గుతుందని పళ్లను అరగదీసి సరిచేస్తామంటే ఒప్పుకోవద్దు, అరిగిన పన్ను తిరిగి రాదు. నిద్ర పట్టకపోవడం, అప్పుల ఆలోచనలు, దిగులు ఉన్నవాళ్లలో కండరం పగలూ బిగిసే ఉంటుంది. జిల్లాల్లో కౌన్సెలర్లు తక్కువ. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఆరు వారాలు ఈ వరుసలో చేసినా నొప్పి మూడో వంతు కూడా తగ్గకపోతే, ఇంకో ప్యాకేజీ కట్టొద్దు. డెంటల్ కాలేజీలో నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ విభాగానికి పోవాలి. పోయేటప్పుడు ఆ వారాల కాగితం, తీయించిన ఎక్స్‌రేలు, వేసుకుంటున్న గోలీల పేర్లు వెంట తీసుకెళ్లాలి.